పోయిన పరపతి పొదుపుతో తిరిగి వచ్చునా?

గోదావరి ఒడ్డున చర్ల, దుమ్ముగూడెము మొదలుకొని అడవి అంచున గుండాల, ములకలపల్లి వరకు గల గ్రామములలో సభలు జరుగునపుడు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. "బ్యాంకులో నా పేరు పాడైందట, అప్పు ఇయ్యమంటున్నరు. సంఘంలో చేరి నెలనెలా పొదుపు కడితే ఆ పేరు బాగైతదా సారూ?" అని అడుగుచుందురు.

ప్రశ్న చిన్నదే. కాని దీనికి పంచాయతి సభ్యులు ఇచ్చు సమాధానమును బట్టి ఒక కుటుంబము పొదుపు సంఘములోనికి వచ్చుటయో, మరల వడ్డీ వ్యాపారి గడప ఎక్కుటయో జరుగుచున్నది. ఒక స్త్రీని చేర్చుకొనుటకు సంఘమువారు సంశయించినపుడు ఊరి పెద్దల అభిప్రాయము అడుగుట ఇప్పటికిని వాడుకలో నున్నది. "ఆమె బాకీదారు, వద్దు" అని వార్డు సభ్యుడు ఒక్కమాట అన్నచో ఆమెకు ఆ తలుపు మూసికొనిపోవును. కావున ఈ విషయమును సభ్యులు కొంత విపులముగా తెలిసికొనుట అవసరము.

మా సమాధానమును ముందుగనే చెప్పుచున్నాము. పొదుపు చేసినంత మాత్రమున బ్యాంకు లెక్కలోని పేరు బాగుపడదు. ఆ పొదుపు ఆధారముగా చిన్న అప్పు తీసికొని గడువులో తీర్చినపుడు బాగుపడును. పాత బాకీల సంగతి తేల్చుకొనకుండ, వాటిపై మరియొక అప్పు నెత్తికెత్తుకొన్నచో ఉన్న పేరు కూడ చెడును.

పరపతి అనగా నేమి?

పరపతి అను మాటకు మన భాషలో రెండర్థములు కలవు. నలుగురిలో ఒకని మాటకు గల చెల్లుబడి మొదటిది. అప్పు పుట్టుటకు గల యోగ్యత రెండవది. సహకార సంఘములకు "పరపతి సంఘములు" అని పేరు పెట్టిన పెద్దలు ఈ రెంటిని విడదీయలేదు. మదరాసు ప్రభుత్వమునకు ఎఫ్. ఏ. నికల్సన్ 1895, 1897 సంవత్సరములలో సమర్పించిన నివేదికలును, తరువాత వచ్చిన 1904 నాటి సహకార పరపతి సంఘముల చట్టమును ఈ భావము మీదనే నిలిచినవి. ఆస్తి లేనివానికి ఇరుగుపొరుగువారు ఎరిగిన నడవడియే తాకట్టు అని వారి ఆలోచన.

నేటి బ్యాంకు అధికారి బదిలీపై వచ్చి, రెండు మూడేండ్లకు బదిలీపై పోవువాడు. గ్రామస్థుని నడవడి ఆయనకు తెలియదు. కావున ఆయన లెక్కను చూచును. మన దేశములో ఈ లెక్కను సమకూర్చు మొదటి సంస్థ "సిబిల్" 2000 సంవత్సరములో స్థాపింపబడినది. పరపతి సమాచార సంస్థల చట్టము 2005లో వచ్చినది. ఇప్పుడు ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అను నాలుగు సంస్థలు ఈ పని చేయుచున్నవి. జనులు అన్నిటిని కలిపి సిబిల్ అనియే అందురు. ఎవరు ఎంత అప్పు తీసికొన్నారు, ఏ కిస్తు ఏ నాటికి కట్టిరి, ఎన్ని దినములు ఆలస్యమైనది అను వివరములను బ్యాంకులు ఈ సంస్థలకు పంపుచుండును. దానిని బట్టి 300 మొదలు 900 వరకు మార్కులు వేయుదురు.

ఈ లెక్కలోనికి ఏమి రాదో తెలిసికొనుట అంతకంటె ముఖ్యము. పొదుపు ఖాతాలోని నిలువ రాదు. జనధన ఖాతా తెరచిన సంగతి రాదు. తపాలా కార్యాలయములో దాచిన సొమ్ము రాదు. ఊరిలో వేసికొను చీటీల చెల్లింపు రాదు. షావుకారునకు ఇరువది సంవత్సరములు పైసాతో సహా తీర్చిన మనిషికి ఈ లెక్కలో పేరే యుండదు. అందుచేత ఇక్కడ ఇరువురు వేర్వేరు మనుషులు కలరని గుర్తింపవలెను. ఒకరు లెక్క చెడినవారు. వేరొకరు అసలు లెక్కయే లేనివారు. కౌంటరు వద్ద రద్దీలో ఇరువురికిని "మీకు సిబిల్ లేదు" అను ఒక్కమాటయే వినబడును. ఇంటికి వచ్చి ఇరువురును తమ పేరు చెడినదనియే అనుకొందురు. అడవి గ్రామములలో మమ్ము ప్రశ్నించువారిలో రెండవ తెగవారు తక్కువగా లేరని మా అనుభవము.

షావుకారు పద్దు

ఈ సీమకు అప్పు క్రొత్త కాదు. భద్రాచలము తాలూకా 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో నుండెను. నదికి ఇవతలనున్న బూర్గంపహాడు, పాల్వంచ ప్రాంతములు 1948 వరకు నిజాము ఏలుబడిలోనివి. పాలకులు వేరైనను రెండు ఒడ్డులందును అప్పు ఒక్క తీరున నడచినది. కోయలు, కొండరెడ్లు వానకాలము మొదట గాదె అడుగంటినపుడు తిండిగింజలు, ఉప్పు, బట్ట అప్పుగా తెచ్చుకొందురు. పంట వచ్చిన పిమ్మట గింజలకు గింజలును, వాటిపై నామును, అనగా గింజల రూపమున వడ్డీని, కొలిచి ఇత్తురు. అది చాలనిచో చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయ, జిగురు షావుకారు చెప్పిన ధరకు ఆయన త్రాసులోనే వేయుదురు. పద్దు వ్రాయువాడు షావుకారు. చదివి చెప్పువాడును షావుకారే. బాకీ తీరనివాడు నిజాము సీమలో భగేలాగా, అనగా అప్పు క్రింద పాలేరుగా, చాకిరి చేయవలసివచ్చెను. ఆ ఒప్పందములను కట్టడి చేయుటకు నిజాము ప్రభుత్వమే 1940 దశకములో శాసనము చేయవలసివచ్చినదనిన స్థితి ఎట్టిదో ఊహింపవచ్చును. దేశమంతటికిని వర్తించు వెట్టిచాకిరి రద్దు చట్టము 1976లో వచ్చినది.

గిరిజన సహకార సంస్థ 1956లో విశాఖపట్టణము కేంద్రముగా ఏర్పడుటకు కారణము ఈ వ్యాపారుల పట్టును సడలించుటయే. షెడ్యూల్డు ప్రాంతములలో లైసెన్సు లేనిదే వడ్డీ వ్యాపారము చేయరాదని 1960లో రెగ్యులేషను వచ్చినది. ఇంతకు ముందే, 1951-52లో జరిగిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే ఒక సత్యమును బయటపెట్టినది. రైతులు చేసిన అప్పులో సహకార సంఘముల భాగము నూటికి మూడు పాళ్లు మాత్రమే. చట్టము చేసి అర్ధ శతాబ్దము కావచ్చినను పరపతి సంఘము పల్లెకు చేరలేదన్నమాట.

గిరిజనునకు బ్యాంకు దూరమగుటకు వేరొక హేతువు కూడ కలదు. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషను, దానికి 1970లో చేసిన సవరణ వలన షెడ్యూల్డు ప్రాంతములోని భూమి గిరిజనేతరుల పాలగుటకు వీలులేదు. ఇది గిరిజనునకు కవచము, దీనిని సడలింపరాదు. అయినను అప్పు ఇచ్చువాడు ఆ భూమిని వేలము వేయలేడు గనుక తాకట్టుగా లెక్కింపడు. పోడు భూమికి బహుకాలము పట్టాయే లేదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము క్రింద తెలంగాణములో 2023 జూన్ చివర నుండి పెద్దయెత్తున పట్టాలు పంచబడినవి. భద్రాద్రి కొత్తగూడెము జిల్లా అందులో ముఖ్యమైనది. పట్టా చేతికి వచ్చినను, అమ్ముటకు వీలులేని భూమి అది. తాకట్టు పెట్టుటకు ఏమియు లేనివారికి మిగిలినది నడవడి ఒక్కటే. దానిని కాగితముపై చూపు సాధనముగా పొదుపు సంఘము పనికివచ్చుచున్నది.

సంఘము లెక్క నడచు విధము

స్వయం సహాయక సంఘములను బ్యాంకులతో కలుపు ప్రయత్నమును నాబార్డు 1992లో 500 సంఘములతో ప్రారంభించినది. మన రాష్ట్రములో డ్వాక్రా సంఘములు, 2000 తరువాత వెలుగు పథకము క్రింద గ్రామైక్య సంఘములు, మండల సమాఖ్యలు దీనిని విస్తరింపజేసినవి. స్త్రీనిధి 2011లో ఏర్పడినది. ఈ చరిత్ర సభ్యులకు తెలిసినదే గనుక విస్తరింపము. పొదుపు అప్పుగా మారు తీరును మాత్రము లెక్కతో చూతము.

పదిమంది సభ్యురాండ్రు తలకు నెలకు 100 రూపాయలు కట్టుదురనుకొందము. నెలకు 1,000, ఆరు నెలలకు 6,000 అగును. ఈ ఆరువేలు పెట్టెలో నిద్రించినచో ప్రయోజనము లేదు. సభ్యుల చేతులలో అప్పుగా తిరుగవలెను. ఒకామె 2,000 రూపాయలు తీసికొని, నూటికి నెలకు రూపాయి వడ్డీతో, నెలకు 200 అసలు చొప్పున పది నెలలలో తీర్చినదనుకొందము. ఆమె కట్టిన వడ్డీ మొత్తము 110 రూపాయలు. అదే సొమ్మును బయట నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చి ఇట్లే తీర్చినచో 550 అగును. పైగా ఈ 110 రూపాయలు సంఘము నిధిలోనే చేరును. ఇవి చిన్న అంకెలే యని తోచవచ్చును. కాని పది కిస్తులును తేదీ తప్పక వ్రాయబడిన ఆ పుస్తకము ఆమె జీవితములో మొదటి పరపతి పత్రము. షావుకారు పద్దులో ఆమె పేరు బాకీగా మాత్రమే కనబడును. ఇందులో తీర్చినదిగా కనబడును.

ఇట్లు ఆరు నెలలు నడచిన సంఘమును బ్యాంకు పరీక్షించును. క్రమముగా సమావేశములు, క్రమముగా పొదుపు, లోపలి అప్పులు, సకాలములో తీరుట, పుస్తకముల నిర్వహణ అను పంచసూత్రములు పాటింపబడుచున్నవా అని చూచును. ఇటీవలి సంవత్సరముల రిజర్వు బ్యాంకు మార్గదర్శకముల ప్రకారము మొదటి విడత అప్పు సంఘము నిధికి ఆరు రెట్లు, లేక కనీసము లక్షన్నర రూపాయలు, ఏది ఎక్కువైన అది. పది లక్షల వరకు తాకట్టు అడుగరాదు. సంఘము పొదుపు ఖాతాను బిగబట్టరాదు. డిపాజిటు చేయుమని పట్టుబట్టరాదు. "మీ పొదుపు అట్లే ఉంచినగాని అప్పు లేదు" అని ఎక్కడనైన చెప్పినచో సభ్యులు ఈ నియమమును మర్యాదగా గుర్తుచేయవచ్చును.

అప్పు సంఘము పేర వచ్చినను వ్యక్తి పేరు ఎట్లు బాగుపడునని ఇంతవరకు చదివినవారికి సందేహము కలుగును. సందేహము న్యాయమైనదే. చాల కాలము సంఘము చక్కగా తీర్చిన కీర్తి సంఘమునకే దక్కెను. సభ్యురాలి లెక్కలో అది కనబడలేదు. ప్రతి సభ్యురాలి భాగమును విడివిడిగా పరపతి సమాచార సంస్థలకు తెలుపవలెనని రిజర్వు బ్యాంకు 2016లో ఆదేశించినది. ఇందువలన మంచి తీరు ఆమె పేరనే చేరును. ఆలస్యమును అట్లే చేరును. లీడరు తన అవసరము కొరకు నలుగురి పేర అప్పు వ్రాయించి తానే వాడుకొనుట కొన్ని చోట్ల జరుగుచున్నది. పూర్వము అది సంఘములోని తగవు మాత్రమే. ఇప్పుడు ఆ నలుగురి పేర్లు వారికి తెలియకుండనే చెడును. తీర్మానము పుస్తకములో ఎవరికి ఎంత అని వ్రాసి, చదివి వినిపించి, అటుపిమ్మట వేలిముద్ర గాని సంతకము గాని తీసికొనవలెను. చదువురాని సభ్యురాండ్రు గల సంఘములలో ఊరి పాఠశాల విద్యార్థినితోనైన చదివించుట మంచిది.

అడవి గ్రామములకు ఒక విశేషము కలదు. ఇచ్చట ఆదాయము నెలజీతము వలె రాదు. తునికాకు వేసవిలో వచ్చును. ఇప్పపువ్వు అంతకు కొంచెము ముందు. పత్తి, మిరప, వరి వేరు వేరు మాసములలో. శ్రావణ భాద్రపదములు లోటు మాసములు. పన్నెండు నెలలును సమానమైన కిస్తు పెట్టుట పట్టణమునకు సరిపోవును గాని ఇచ్చట ఆలస్యమును చేజేతుల కొనితెచ్చుకొనుటయే. సంఘము లోపలి అప్పులకు కిస్తులు నిర్ణయించుకొను స్వేచ్ఛ సంఘమునకే కలదు. ఆకు డబ్బు చేతికి వచ్చు నెలలలో హెచ్చు, వానలలో తక్కువ కట్టునట్లు తీర్మానము చేసికొన్నచో బ్యాంకు కిస్తునకు కూడ కొంత సొమ్ము ముందుగ నిలువయుండును.

పాత బాకీ ఉన్నవారి సంగతి

అసలు చిక్కు ఇచ్చటనే. పాత బాకీదారును చేర్చుకొన్నచో సంఘమంతటికిని అప్పు రాదని గ్రామములలో ఒక భయము గట్టిగా నాటుకొనియున్నది. ఇది సగము నిజము మాత్రమే.

రిజర్వు బ్యాంకు మార్గదర్శకములు బాకీదారులను రెండు తెగలుగా విభజించుచున్నవి. శక్తి యుండియు ఎగవేసినవారు ఒక తెగ. ఆపదవలన కట్టలేకపోయినవారు వేరొక తెగ. మొదటి తెగవారు సైతము సంఘములో సభ్యులుగా నుండి పొదుపు చేయవచ్చును, సంఘము సొంత నిధి నుండి అప్పు పొందవచ్చును. బ్యాంకు అప్పులో మాత్రము పాత బాకీ తీరువరకు వారికి భాగము ఉండదు. వారిని మినహాయించి మిగిలినవారికి అప్పు ఇయ్యవచ్చును. రెండవ తెగవారికి బ్యాంకు అప్పును సైతము నిరాకరింపరాదు. భర్త గాని, కుటుంబములో వేరొకరు గాని బాకీపడినారను కారణముచే సంఘమునకు అప్పు ఆపరాదు. ఈ చివరి మాట మన గ్రామములలో ఎందరు స్త్రీలకు అన్వయించునో సభ్యులే యోచింపగలరు.

ఎవరు ఏ తెగవారో నిర్ణయించునపుడు ఊరి సాక్ష్యము విలువైనది. 2022 జూలై 16వ తేదీన భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగులకు పెరిగినది. మూడవ ప్రమాద సూచిక 53 అడుగులు మాత్రమే. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తరువాత అంత నీరు ఇచ్చటివారు చూడలేదు. నారుమళ్లు, పశువులు, ఇండ్లు పోయినవారు ఆ సంవత్సరము కిస్తు కట్టలేకపోయినచో అది ఎగవేత యగునా? ప్రకృతి వైపరీత్యములలో గడువు పొడిగించుటకు బ్యాంకులకు ఏర్పాటు కలదు. కాని రైతు బ్యాంకునకు పోయి చెప్పనిది, నష్టపు కాగితము చూపనిది ఆ ఏర్పాటు అతని ఖాతాకు తగులదు. నీరు తీసిన వెంటనే పంట నష్టము వ్రాయించి ఆ నకలును బ్యాంకునకు చేర్చుట పంచాయతి చేయగల మేలు. కొద్ది దినముల ఆలస్యము పిమ్మట సంవత్సరముల చిక్కుగా మారును.

ఇది ప్రభుత్వ పత్రికయే యైనను ఒక మాట చెప్పక తప్పదు. మాఫీ వచ్చునని అప్పు నవీకరింపక ఆగిన రైతుల ఖాతాలు ఆ నిరీక్షణలోనే మొండి బాకీలుగా మారినవి. తెలంగాణములో 2014 నాటి లక్ష రూపాయల మాఫీ నాలుగు విడతలుగా చెల్లింపబడినది. 2024లో రెండు లక్షల వరకు మాఫీ జరిగినది. మాఫీ అప్పును తీర్చును గాని, మధ్యకాలములో పడిన ఆలస్యపు గుర్తులను వెంటనే తుడిచివేయదు. అట్లే బాకీలో కొంత కట్టి రాజీ చేసికొన్నచో లెక్కలో "పూర్తిగా తీరినది" అని గాక "రాజీ" అని పడును. పాత వివరములు ఏడు సంవత్సరములకు తక్కువ కాకుండ నిలువయుండును. ఈ సంగతిని దాచి, "సంఘములో చేరినచో మూడు నెలలలో అంతయు బాగగును" అని ఎవరైన చెప్పినచో అది సత్యము కాదు. పాత మచ్చ ఉండగనే దాని ప్రక్కన క్రొత్త మంచి గుర్తులు నెలనెలా చేరును. మార్కులు మెల్లగా పైకి వచ్చును. అంతవరకే ఆశింపవలెను.

2010 మనకు చూపినది

అప్పుపై అప్పు ఏమి చేయునో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చూచినట్లు మరే రాష్ట్రమును చూడలేదు. సూక్ష్మ ఋణ కంపెనీలు 2000 తరువాతి సంవత్సరములలో వేగముగా పల్లెలకు వచ్చినవి. వారము వారము కిస్తు. ఇంటి ముందరనే వసూలు. పొదుపు సంఘములోనున్న స్త్రీయే రెండు మూడు కంపెనీల వద్దను అప్పు తీసికొనెడిది. సంఘము కిస్తు కట్టుటకు కంపెనీ అప్పు, కంపెనీ వారము కట్టుటకు షావుకారు అప్పు. వసూలు ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు వెలువడిన పిమ్మట ప్రభుత్వము 2010 అక్టోబరులో ఆర్డినెన్సును, తరువాత చట్టమును తెచ్చినది. వసూళ్లు ఆగినవి. ఒత్తిడి తొలగుట మేలే. కాని కట్టుట మానిన లక్షలాది స్త్రీల పేర్లు బాకీదారులుగా నమోదైనవి. వారిలో అప్పటివరకు తప్పక కట్టినవారును కలరు.

ఆ చట్టము రిజర్వు బ్యాంకు అదుపులోనున్న కంపెనీలకు వర్తింపదని తెలంగాణ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో తీర్పు చెప్పినది. కావున కంపెనీలు మరల మన గ్రామములకు వచ్చుటకు మార్గము తెరచుకొన్నది. ఒక కుటుంబము అన్ని అప్పులకును కట్టు నెలసరి మొత్తము నెల ఆదాయములో సగమునకు మించరాదని 2022 నాటి రిజర్వు బ్యాంకు నియమము చెప్పుచున్నది. ఆకు సేకరించు కుటుంబము ఆదాయమును ఎవరు, ఏ నెలలో లెక్కించిరన్నది ఇచ్చట చూడవలసిన విషయము. వేసవి ఆదాయము చూచి ఇచ్చిన అప్పు వానలలో గొంతునకు చుట్టుకొనును.

ఈ అనుభవము మన ఒక్కరిదే కాదు. అమెరికా దేశములో పేరు లేనివారికి పేరు కట్టిపెట్టుటకే ఒక తరహా అప్పు కలదు. పరపతి సంఘము అప్పు మంజూరు చేసి ఆ సొమ్మును తన వద్దనే ఉంచును. సభ్యుడు నెలనెలా కిస్తులు కట్టును. కిస్తులు పూర్తియైన పిమ్మట సొమ్ము అతని చేతికి వచ్చును. పేరునకు అప్పు, తీరునకు పొదుపు. ఆ దేశపు వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ సుమారు 1,500 మందిపై దీని ఫలితమును పరీక్షించి 2020లో ప్రకటించినది. అంతకుముందు ఏ అప్పును లేనివారికి మార్కులు ఏర్పడు అవకాశము నూటికి 24 పాళ్లు పెరిగినది. ఇదివరకే అప్పులున్నవారి మార్కులు కొంచెము తగ్గినవి. క్రొత్త కిస్తు వచ్చి పాత కిస్తులతో పోటీపడుటయే ఇందుకు హేతువని మాకు తోచుచున్నది. మహానగరములుగల దేశమైనను, మన మన్యమైనను, పేద ఇంటి సంచిలోని సొమ్ము ఒకే సమయమున రెండు చోట్ల కట్టుటకు రాదు.

అందుచేత లెక్కయే లేనివారిని సంఘములో వెంటనే చేర్పించుడు. ఆపదవలన బాకీపడినవారిని చేర్పించి, ముందుగా పాత ఖాతా గడువు పొడిగింపునకు బ్యాంకునకు పంపుడు; పొడిగింపు జరిగిన పిమ్మటనే బ్యాంకు అప్పులో భాగము తీసికొనవలెను. నాలుగు చోట్ల కిస్తులు నడచుచున్న ఇంటివారు పొదుపు చేయవచ్చును గాని, ఆ నాలుగు రెండగు వరకు ఐదవ అప్పు ముట్టరాదు. ఈ మూడవ మాట చెప్పిన సభ్యునకు ఊరిలో మంచి పేరు రాదు. అయినను చెప్పవలసినదే.

పంచాయతి చేతిలోనున్నవి

షెడ్యూల్డు ప్రాంతములకు పంచాయతులను విస్తరింపజేయు 1996 నాటి చట్టము, అనగా పెసా, షెడ్యూల్డు తెగలవారికి అప్పులిచ్చు వ్యాపారముపై అదుపును గ్రామసభకును, తగిన స్థాయి పంచాయతికిని కల్పింపవలెనని చెప్పుచున్నది. ఈ అధికారమును వాడిన గ్రామసభలు అరుదు. కనీసము లైసెన్సు లేక వడ్డీకి త్రిప్పువారెవరో, ఏ కంపెనీవారు ఏ గూడెములో వసూలు చేయుచున్నారో గ్రామసభలో బహిరంగముగా వ్రాయించుటకు ఖర్చేమియు లేదు.

పురుషుల విషయము కొంత కష్టము. సంఘములు ఎక్కువగా స్త్రీలవి. పురుషునకు ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘము, ఉమ్మడి బాధ్యత బృందము అను మార్గములు కలవు. లెక్కయే లేనివాడు బ్యాంకులో ఐదువేలో పదివేలో డిపాజిటు చేసి, దానిపైననే చిన్న అప్పు తీసికొని కిస్తులలో తీర్చినచో అది అతని పేర నమోదగును. వట్టి డిపాజిటు నమోదుకాదు.

చివరగా, బ్యాంకువారి మాట విని తమ పేరు చెడినదని నమ్ముటకు ముందు ఆ లెక్కను స్వయముగా చూచుకొనవలెను. నాలుగు సంస్థలలో ప్రతియొకటియు సంవత్సరమునకు ఒకసారి పూర్తి నివేదికను ఉచితముగా ఇయ్యవలెనని నియమము కలదు. ఇంటర్నెట్ కేంద్రములో గుర్తింపు పత్రము, ఫోను సంఖ్యలతో దీనిని పొందవచ్చును. దీనికొరకు వందల రూపాయలు అడుగువానిని నమ్మరాదు. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు గలవారు గూడెమునకు నలుగురుండు మన ప్రాంతములో వేరొకరి అప్పు తమ పేర పడియుండుట, తీర్చిన అప్పు ఇంకను తీరనట్లు కనబడుట అసంభవము కాదు. అట్టి తప్పు కనబడినచో ఆ సంస్థకు గాని బ్యాంకునకు గాని ఫిర్యాదు చేయవలెను. ముప్పది దినములలో సరిచేయనిచో అటుపై ప్రతి దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారము ఇయ్యవలెనని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించినది. ఇది 2024 నుండి అమలులోనికి వచ్చినది. అప్పటికిని పని జరుగనిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును. ఫిర్యాదు పెట్టిన తేదీని, వారిచ్చిన సంఖ్యను పంచాయతి కార్యాలయములో ఒక పుస్తకములో వ్రాసియుంచినచో ఆ ముప్పది దినముల లెక్క ఎవరికిని తప్పదు.